గడ్డి నేల ఫైలు

ఫిబ్రవరి 11

ఆఫీసరు వదినకి,

ఫోను చేయడం లేదని నా మీద అలిగావట, అన్నయ్య చీటీ పంపాడు. ఇక్కడ సిగ్నలు కావాలంటే కొండెక్కాలి. ఎక్కడానికి ఇక్కడ కొండ లేదు. కనుచూపు మేర చదునుగా గడ్డి, పైన ఆకాశం, మధ్యలో మా రేకుల షెడ్డు. పాల వ్యాను డ్రైవరే నా పోస్ట్‌మాన్. కాబట్టి మన ఇద్దరికీ ఉత్తరాలే గతి. నీ దస్తూరీ నాకిష్టమే కదా, బద్ధకించకుండా రాయి.

నీ పనేమిటని అడిగినప్పుడల్లా 'గడ్డి లెక్కపెడుతున్నా' అంటే నువ్వు నవ్వుతావు. నిజంగా అదే పని వదినా. ఒక ఇనప చట్రం నేల మీద పెడతాను. దాని లోపల ఏయే రకాల గడ్డి ఉందో, ఎంత ఒత్తుగా ఉందో చూసి రాసుకుంటాను. లేచి కాస్త దూరం నడిచి మళ్లీ కూలబడతాను. సాయంత్రానికి నడుము నాది కాదనిపిస్తుంది.

ఎండ సంగతి మాత్రం అడక్కు. ఒక్క చెట్టంటే ఒక్క చెట్టు లేదు, మాడి మసైపోతున్నాను. మధ్యాహ్నం జీపు కింద దూరి అన్నం తింటాను. ఫోటో పంపుతున్నాను చూడు. చక్రాల మధ్య నుంచి బయటికి కనిపిస్తున్న కాళ్లు నావే.

మొన్న సర్వేవాళ్లు వచ్చి రోడ్డు వైపు మూలలో జెండా కర్రలు పాతి వెళ్లారు. అడిగితే మీ శాఖ పేరే చెప్పారు. ఏమిటి సంగతి?

నీ గడ్డిపరక


ఫిబ్రవరి 24

గడ్డిపరకకి,

ఫోటో చూసి మీ అన్నయ్య పగలబడి నవ్వాడు. ఆ తర్వాత 'పిల్ల జీపు కింద తింటోందే' అని ఆ పూట భోజనం సరిగా చేయలేదు. కళ్లద్దాల షాపు పెట్టి ఊరందరి చూపూ సరిచేస్తాడు గాని, తన కళ్లద్దాలు తన నెత్తి మీదే ఉన్నాయని రోజూ నేను చెప్పాలి. ఫోటోని పడకగది అద్దానికి అంటించాడు. నేను జడ వేసుకున్నంతసేపూ నీ కాళ్లు నన్ను చూస్తుంటాయి.

కర్రల సంగతికి వస్తాను. మోటారు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీవాళ్లు భూమి అడిగారు. ఫైలు నా బల్ల మీదికే వచ్చింది. మా రికార్డులో ఆ నేలంతా 'బంజరు, ఉపయోగంలో లేదు' అని ఉంది. నీ ఫోటో చూస్తే నాకూ అలాగే అనిపించింది, కోప్పడకు. క్షవరం చేయించుకున్న తలలా ఉంది.

నేను ఈ ఉద్యోగాన్ని ఎందుకింత పట్టుకుని వేలాడతానో నీకెప్పుడూ చెప్పలేదు. మా నాన్న మిల్లులో పనిచేసేవాడు. ఆ మిల్లు లైసెన్సు కాగితం ఒక ఆఫీసులో ఒక బల్ల మీద పడుకుంది. ఎవరూ కాదనలేదు, ఎవరూ ఔననలేదు. నాన్న పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి ఆ ఆఫీసు వరండాలో కూర్చుని వచ్చేవాడు. 'ఏమన్నారు' అని అమ్మ అడిగితే 'పరిశీలనలో ఉందట' అనేవాడు. ఆ మాట విని విని నాకు కంఠతా వచ్చింది. చివరికి మిల్లు మూతపడింది. మా వీధిలో సగం ఇళ్లు ఖాళీ అయ్యాయి. నాన్న ఆ తర్వాత ఏ పనిలోనూ కుదురుకోలేదు.

అందుకని నా బల్ల మీద ఏ ఫైలూ పడుకోకూడదని ఉద్యోగంలో చేరిన రోజే అనుకున్నాను. ఇంతవరకు ఒక్కటీ పడుకోలేదు. మా ఆఫీసులో నాకు అలారం గడియారం అని పేరు పెట్టారని నాకు తెలుసు.

ఫ్యాక్టరీ వస్తే ఆ రోడ్డు పక్క పేటలో వాళ్లకి పని దొరుకుతుంది. అది చిన్న విషయం కాదు. అయినా నువ్వు చెప్పుకోవలసింది ఏదైనా ఉంటే రాయి, వింటాను. ఆలస్యం చేయకు, ఫైలు ఆగదు.

మీ వదిన


మార్చి 9

ఆఫీసరు వదినకి,

నాన్నగారి సంగతి రెండుసార్లు చదివాను. ఇన్నేళ్లుగా చెప్పలేదేం? కానీ 'బంజరు' దగ్గరికి వచ్చేసరికి నాకు ఒళ్లు మండింది. రెండూ ఒకే ఉత్తరంలో రాస్తే నేనేమైపోవాలి?

క్షవరం చేసిన తల అన్నావు. జుట్టంతా కిందికి పెరిగింది వదినా. ఇప్పుడు నువ్వు చూసిన ఎండుగడ్డి చచ్చిపోలేదు. దాని వేర్లు మనిషిని నిలువునా పాతినంత లోతుకు దిగి ఉన్నాయి. వానపడిన వారానికి ఇదే నేలని నువ్వు గుర్తుపట్టలేవు. కౌజు పిట్టలు ఇక్కడ నేల మీదే గూడు కడతాయి. గొర్రెలవాళ్లు మందలతో వస్తారు, మేపుకుని కదిలిపోతారు. మేత లేకపోతే గొర్రె బతకదు, మేపకపోతే ఈ గడ్డీ బాగుండదు. నిన్న మేం ముదురు గడ్డిని చాళ్లు చాళ్లుగా కాల్చాం, కొత్త చిగురు రావాలని. నా కనుబొమలు సగం కాలిపోయాయి, అన్నయ్యకి చెప్పకు.

మీ కాగితాల్లో అడవికి ఒక గడి ఉంది. పొలానికి ఒకటి ఉంది. ఏదీ కాకపోతే బంజరు. గడ్డికి ఒక గడి గీయడానికి మీ వాళ్లకి స్కేలు దొరకలేదా?

ఉపన్యాసం ఆపేస్తున్నాను. మీ ఫైళ్ల విద్య నాకు అర్థం కాదు, నీకు తెలుసు. ఈ నేల పోకుండా ఎలాగైనా చూడు. ఎలా చేస్తావో నేను అడగను.

నీ గడ్డిపరక


మార్చి 28

గడ్డిపరకకి,

చిన్న ఉత్తరం, పని తల మీద ఉంది. నీ మాట మనసులో పెట్టుకున్నాను. ఒక సంగతి తెలుసుకో. ఫైలును ఎవరూ ఆపలేరు, మళ్లించగలరు. ఎటు మళ్లించాలో నాకు తట్టింది. అది కూడా జడ వేసుకుంటుంటే, నీ ఫోటో చూసి తట్టింది.

ఇంతకు మించి రాయను. ఆర్డరు రాకముందు ఇంట్లోవాళ్లకి చెప్పకూడదు, పైగా ఈ ఉత్తరం ఎందరి చేతులు మారి నీకు చేరుతుందో. వచ్చే ఏడాది నువ్వు జీపు కింద అన్నం తినక్కర్లేదు, అంతే. కనుబొమల సంగతి మీ అన్నయ్యకి చెప్పేశాను.

మీ వదిన


ఏప్రిల్ 30

వదినకి,

నిన్న మళ్లీ కొలతలవాళ్లు వచ్చారు. ఈసారి రోడ్డు మూల కాదు, మొత్తం నేలంతా కొలిచారు. 'ఎవరికి ఇచ్చారు' అని అడిగితే ఒకాయన ఆర్డరు కాపీ మడిచి జేబులో పెట్టుకుంటూ 'మమ్మల్నడుగుతారేంటండీ, సంతకం మీ వదినగారిదేగా' అన్నాడు. అతను మడిచేలోగా కింద నీ సంతకం మాత్రం నా కంటపడింది. నాకు తెలియని సంతకమా అది?

జీపు కింద తినక్కర్లేదన్నావు. నిజమే, నేల లేకపోతే నేనూ ఉండను, జీపూ ఉండదు. దాన్ని కానుకలా చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది? నీకు ప్రమోషను రాబోతోందని అన్నయ్య మొన్న సంబరంగా రాశాడు. రెండూ కలిపి చూసుకుంటే నాకు అర్థం కావలసింది అర్థమైంది. వద్దని ముందే చెప్పేసి ఉంటే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని. తీయగా మాట్లాడి సంతకం పెట్టావు.

సెలవులకి ఇంటికి రావడం లేదు. అన్నయ్యకి ఏం చెప్తావో నీ ఇష్టం.

ఇట్లు,
మీ ఆడపడుచు


మే 8

మా ఆయన చెల్లెలికి,

ఉత్తరం మీ అన్నయ్య ముందు చదివాడు. చదివి, మడిచి, నా చేతికి ఇచ్చి షాపుకి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు. నువ్వు నన్ను అన్న మాటలకన్నా అది నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

ఇప్పుడు ఆర్డరు వచ్చింది గనక చెప్తాను. ఫ్యాక్టరీకి నీ నేలలో సెంటు కూడా ఇవ్వలేదు. పాత మిల్లుల పక్కన ఖాళీగా పడి ఉన్న స్థలం చూపించి, వాళ్లని ఒప్పించి అటు పంపాను. అందుకు నేను ఎంతమంది ముందు నిలబడ్డానో నీకు తెలియదు. ఆ తర్వాత నీ నేలని బంజరు గడిలో వదిలేస్తే ఏడాది తిరక్కుండా ఇంకో ఫ్యాక్టరీ వస్తుంది. నువ్వే రాశావు కదా, అడవికి ఒక గడి ఉందని. అందులో పెట్టించాను. మొత్తం నేల అడవుల శాఖకి మారింది. ఇక దాని జోలికి ఎవరూ రారు.

వానలు పడగానే నేలంతా చెట్లు నాటుతారు. త్వరగా పెరిగి మంచి నీడనిచ్చే రకాలే వేయమని నోటులో నా చేత్తో రాశాను. ఒక్క చెట్టు లేదని ఏడ్చింది నువ్వే. ప్రమోషనంటావా, అది ఈ ఫైలుకి రాదు, నా వయసుకి వస్తుంది.

మీ వదిన


మే 17

వదినా,

నన్ను క్షమించు. మొదట ఆ మాట రాసి, ఆ తర్వాత మిగతాది రాస్తున్నాను. నేనన్న ఒక్కొక్క మాటా తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది. అన్నయ్యకి కూడా చెప్పు.

కానీ వదినా, ఇది ఫ్యాక్టరీ కన్నా పెద్ద దెబ్బ. ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఫ్యాక్టరీ అడిగింది ఒక మూల. చెట్లు మొత్తం తీసుకుంటాయి. ఈ గడ్డి ఎండలో పుట్టింది. నీడ పడితే చస్తుంది. పిట్ట గూడు నేల మీద ఉంటుందని చెప్పాను కదా, ఇక్కడ చెట్లు లేవు గనకనే అవి బతికాయి. కొమ్మ ఉంటే దాని మీద గద్ద కూర్చుంటుంది, కాకి కూర్చుంటుంది, కింద గూడు ఎక్కడుందో కూర్చున్న చోటి నుంచే చూసుకుంటుంది. తవ్విన చోట పాత గడ్డి మళ్లీ రాదు, ముళ్లకంప వస్తుంది. గొర్రెలవాళ్లని అడవుల శాఖ అప్పుడే రావద్దంది.

గుంతలు తవ్వడం మొదలైంది. పేటలోవాళ్లే తవ్వుతున్నారు, పని దొరికిందని పాపం ఎంత సంతోషంగా ఉన్నారో. నేను అడ్డం వెళ్లి ఏమని చెప్పను? చెట్లు నాటొద్దని చెప్పే మనిషిని పిచ్చిదనుకోరా? రోడ్డు వైపు సగం అయిపోయింది.

నీడ లేదని ఏడ్చింది నేనే. ఎండకి తిట్టుకున్నాను, అంతే వదినా. ఈ పని చేసేవాళ్లందరూ తిట్టుకుంటారు. చెట్టు కావాలని దాని అర్థం కాదని నీకు చెప్పాలని నాకు తోచలేదు.

దీన్ని వెనక్కి తీసుకోవచ్చా?

గడ్డిపరక


జూన్ 6

గడ్డిపరకకి,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చదివి, చెట్ల గురించి రాసిన నా నోటు బయటికి తీసి చూశాను. అంత గర్వపడ్డాను ఆ నోటు రాసి. మా అటెండరుకి స్వీటు కూడా పెట్టాను.

వెనక్కి తీసుకునే ప్రయత్నం చేశాను. నా ప్రతిపాదన పొరపాటు, ఆ నేల గడ్డి నేలగానే ఉండాలి అని, నువ్వు చెప్పినవన్నీ పేర్చి నోటు పైకి పంపాను. పై అధికారి నన్ను పిలిపించారు. 'చెట్లు వేద్దామన్నదీ మీరే, వద్దంటున్నదీ మీరే. ఇంట్లో అంతా క్షేమమేనా?' అని అడిగారు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు. నోటు మీద 'చెట్లు నాటడం వల్ల నష్టమేమిటో అర్థం కాలేదు, పని కొనసాగించండి' అని రాసి పంపేశారు. గడ్డి నేలకి రికార్డులో వేరే గడి కావాలని ఇంకో ఫైలు మొదలుపెట్టాను. అది తెమలడానికి ఏళ్లు పడుతుంది.

ఇక మిగిలింది రెండో విడత. మిగతా సగంలో గుంతలు, మొత్తానికి మొక్కలు. ప్రతిపాదన నాదే గనక దాని మంజూరు ఫైలు నా బల్ల మీద నుంచే వెళ్లాలి. మొక్కలు వానల మొదట్లోనే నాటాలి, అదును దాటితే ఆ పథకం వేరే చోటికి మారిపోతుంది. ఈ నెలాఖరుకల్లా పంపుతానని మాటిచ్చాను. నిన్న మీ అన్నయ్య అద్దం మీది ఫోటో తుడుస్తుంటే చూడలేక బయటికి వచ్చాను.

మీ వదిన


జూన్ 14

వదినా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది, పాల వ్యాను తిరిగి వెళ్లేలోగా రాస్తున్నాను. మబ్బులు పట్టాయి. 

నేను అడగబోయేది నిన్ను అడగకూడనిది. నాన్నగారి సంగతి తెలిసి అడుగుతున్నాను గనక ఇంకా తప్పు. ఆ ఫైలును నువ్వు కాదనక్కర్లేదు, మళ్లించక్కర్లేదు. ఏమీ చేయకుండా ఉంటే చాలు.

వ్యాను డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

గడ్డిపరక


ఆగస్టు 20

గడ్డిపరకకి,

ఇన్నాళ్లూ ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నానని ఏమనుకున్నావో. రాయడానికి చేయి రాలేదు.

ఫైలు పడుకుంది. నా బల్ల మీద, నా ఎడమ చేతి వైపు, నేను టీ కప్పు పెట్టుకునే చోట. మొదటి వారం రోజూ దాన్ని తీసి, దారం విప్పి, మళ్లీ కట్టేదాన్ని. ఆ తర్వాత దాని మీద వేరే ఫైళ్లు పెట్టాను. రిమైండర్లు వచ్చాయి. జవాబు రాయలేదు. ఎందుకు పంపలేదని మా గుమస్తా రెండుసార్లు అడిగి, అలారం గడియారం చెడిపోయిందని అందరికీ చెప్పాడు. జాప్యానికి సంజాయిషీ ఇమ్మని మెమో ఇచ్చారు. ప్రమోషను నా తర్వాతి వాళ్లకి వెళ్లింది. ఇవేవీ నన్ను పెద్దగా బాధించలేదు.

జూలైలో ఒకాయన వచ్చాడు. పేట నుంచి, బస్సు మారి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కళ్లద్దాలకి ఒక పక్క పుల్ల విరిగితే దారం కట్టుకున్నాడు. వరండాలో బెంచీ చివర కూర్చున్నాడు, మధ్యలో ఎవరూ లేకపోయినా. లోపలికి పిలిచాను. 'అమ్మా, మే నెలలో గుంతలు తవ్వామండీ. మొక్కలకి మళ్లీ పిలుస్తామన్నారు. ఆ పని ఎప్పుడు మొదలవుతుందో కనుక్కుందామని వచ్చాను' అన్నాడు.

నేనేం చెప్పానో నీకు తెలుసు. ఇంకో మాట కోసం వెతికాను, ఏదీ దొరకలేదు. 'ఫైలు పరిశీలనలో ఉంది' అన్నాను. 'అలాగేనమ్మా' అని దండం పెట్టి వెళ్లాడు. మళ్లీ వచ్చాడు. మూడోసారి కూడా వచ్చాడు. ఒక్కసారి కూడా కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు బాగుండేది. ఇంటికి వెళ్లాక ఆయన భార్య 'ఏమన్నారు' అని అడిగి ఉంటుంది.

వానలు సగం దాటాయి. పథకం వేరే చోటికి వెళ్లిపోయింది, నిన్న కాగితం వచ్చింది. నాకు కృతజ్ఞతలు చెప్పకు. గడ్డి ఎలా ఉందో రాయి. ఆయన ఎలా ఉన్నాడో కూడా కనుక్కుని రాయి.

మీ వదిన


సెప్టెంబరు 3

వదినా,

నువ్వు చివర అడిగింది ముందు రాస్తున్నాను. పేటకి వెళ్లాను. దారం కట్టిన కళ్లద్దాలు అనగానే ఇల్లు చూపించారు. తాళం వేసి ఉంది. 'మొక్కల పని వస్తుందని ఆగి ఆగి చూశారమ్మా. ఉన్న ఒక్క గేదెనీ అమ్మేసి, కట్టడం పనులకని పట్నం వెళ్లారు' అని పక్కింటావిడ చెప్పింది. మళ్లీ ఎప్పుడొస్తారని అడిగితే, 'గేదే లేకపోయాక దేనికొస్తారు' అంది. ఆ గేదె ఇంతకాలం మేసింది ఈ గడ్డే.

గడ్డి బాగుంది వదినా. తవ్విన సగంలో గుంతల చుట్టూ ముళ్లకంప మొదలైంది, అది ఇక ఎప్పటికీ తగువే. తవ్వని సగం నడుము ఎత్తుకు లేచింది. గొర్రెలవాళ్లు అడగకుండానే వచ్చారు, ఎవరూ ఏమీ అనలేదు. నిన్న ఒక కౌజు పిట్ట పిల్లల్ని వెనకేసుకుని నా చట్రం లోంచే నడిచి వెళ్లింది. సంతోషంతో కళ్లనీళ్లు వచ్చాయి. ఆ వెంటనే ఆ తాళం గుర్తొచ్చింది.

ఆయనకి ఆ మాట చెప్పింది నువ్వు. నీ చేత చెప్పించింది నేను. నువ్వొక్కదానివే మోయడానికి వీల్లేదు.

శుక్రవారం పాల వ్యానులో బయల్దేరుతున్నాను. అన్నయ్యని ఒక జత కళ్లద్దాల పుల్లలు షాపు నుంచి తెచ్చి ఉంచమను. వాళ్లు వెళ్లిన పట్నం మీ ఊరే, అక్కడ కట్టడాలు ఎక్కడెక్కడ జరుగుతున్నాయో మీ ఆఫీసులో తెలియకుండా ఉండదు. ఇద్దరం వెళ్లి వెతుకుదాం. దొరికితే ఏం చెప్పాలో నాకు తెలియదు. ఆ పాత మాట మాత్రం చెప్పం.

నీ గడ్డిపరక